తెర మీద మిగిలిన స్కోరు

1994 మార్చిలో నన్ను విజయవాడ డిపోకు ఏరియా సేల్స్ ఆఫీసరుగా వేశారు. మా కంపెనీ టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేములు అమ్మేది. ఆ వేసవికి కొత్తగా ఒక కార్ల పందెం ఆట వచ్చింది. ఇంగ్లీషు పత్రికలు దాన్ని ఆకాశానికెత్తేశాయి. ఆ సమీక్షలు బ్యాగులో పెట్టుకుని ఉయ్యూరు దాకా తిరిగాను. ఒక్కరూ చదవలేదు.

మా భాషలో ప్రైమరీ అంటే డిపో నుంచి డీలరుకు వెళ్ళిన సరుకు, సెకండరీ అంటే డీలరు నుంచి ఇళ్ళకు చేరినది. ప్రైమరీ బాగానే ఉంది, సెకండరీ కదల్లేదు. "గేమాడితే పిక్చర్ ట్యూబ్ పోద్దంట గదండీ?" అని వచ్చినవాళ్ళందరిదీ అదే ప్రశ్న. ఏ సెట్టు చెడినా మెకానిక్కులు తప్పు గేము మీదకే నెట్టేవారు. ఏం కాదని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఈ వేసవి అమ్మకాలు చూశాకే డిపో ఉంచాలో ఎత్తెయ్యాలో తేలుస్తామని రీజనల్ మేనేజరు ముందే అనేశారు.

వన్ టౌన్‌లో మా డీలరు మస్తాన్ గారు. "మాటలెందుకు సార్, చూపిద్దాం" అని, ఇంట్లో ఉన్న ఒక్క కలర్ టీవీనీ రిక్షాలో తెచ్చి కౌంటరు మీద పెట్టారు. షట్టరు తీసింది మొదలు దించేదాకా అదే ఆట. బేరం వస్తే బొమ్మను తెర మీద అలాగే నిలిపి మాట్లాడేవారు. జనం నమ్మారు. మే నెలాఖరుకు సెకండరీ కదిలింది. నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

జూన్‌లో మస్తాన్ గారు టీవీ ఇంటికి తీసుకెళ్ళి, మర్నాడు నన్ను అక్కడికి పిలిచి వార్తలు పెట్టారు. వార్తలు చదివే ఆమె నుదుటి మీదుగా మా ఆటలోని స్కోరు గడులు లేత నీడలా కనిపిస్తున్నాయి. ఛానెల్ మార్చినా పోలేదు. కదలని బొమ్మ రోజుల తరబడి ఉంటే ట్యూబు లోపలి పూత కాలిపోతుందట. హెడ్డాఫీసు ఇంజనీరు ఫోన్లో తాపీగా చెప్పాడు. ఈ ముక్క ముందే చెప్పనందుకు ఒళ్ళు మండింది.

"ఏం కాదని చెప్పి అమ్మానండీ. రేపట్నుంచి గేము కోసం వచ్చినోళ్ళకి ఈ టీవీ కూడా చూపిస్తాను" అన్నారు మస్తాన్ గారు.

డిపో పోతుందన్నాను.

"తెలుసు సార్" అన్నారు.

అన్నట్టే చూపించారు. అమ్మకాలు ఆగిపోయాయి, దసరా లోపే డిపో మూసేశారు. ఆ తర్వాత నేను చాలా సరుకులే అమ్మాను, సమీక్షలు మాత్రం బ్యాగులో పెట్టుకోలేదు. అవి రాసేవాళ్ళు ఆటను చూస్తారు. కొనేవాళ్ళు ఇంట్లో ఉన్న ఒక్క టీవీని చూసుకుంటారు.