సంతకాలమ్మ మూడో పేజీ

ఆడపడుచు నోట పొగడ్త వినాలంటే వదినకు రాసిపెట్టి ఉండాలి. మా వదినకు ఆ యోగం పట్టడానికి పెళ్ళయ్యాక ఇరవై ఆరేళ్ళు పట్టింది. ఆలస్యం నాది కాబట్టి ఈ కథ చెప్పే బాధ్యతా నాదే.

వదిన లిఫ్టులు తయారుచేసి బిగించే కంపెనీలో, ఒప్పందాల విభాగంలో పనిచేస్తుంది. కొత్త భవనానికి లిఫ్టు అమ్మినా, పాతదాని మరమ్మతు ఒప్పుకున్నా ఒక ఒప్పంద పత్రం తయారవుతుంది. దాని మీద ఏడుగురు సంతకం పెట్టాలి. ఆ ఏడుగురూ నాలుగు అంతస్తుల్లోనూ, వెనకవైపు గోదాములోనూ ఉంటారు. గోధుమరంగు ఫైలు చంకన పెట్టుకుని వాళ్ళ చుట్టూ తిరగడమే వదిన ఉద్యోగం. ఆ భవనంలో ఉన్న ఒక్క లిఫ్టునూ ఎప్పుడూ ఎవరో ఒక ఇంజనీరు విప్పి పరీక్షిస్తూనే ఉండేవాడు. అందుకని లిఫ్టుల కంపెనీలో ఉంటూ మెట్లెక్కి మోకాళ్ళు అరగదీసుకుంది మా వదిన. అక్కడ అందరూ ఆవిణ్ణి సంతకాలమ్మ అంటారు.

ఎవరి దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో ఆవిడకు కొట్టినపిండి. డిజైను ఇంజనీరు టీ తాగకముందు ఫైలు ముట్టుకోడు. ఖాతాల అధికారి ప్రతి మాటా వేలు పెట్టి చదువుతాడు, కాబట్టి ఆయనకు భోజనానికి గంట ముందు ఇవ్వాలి, ఆకలి మీద చదువు చురుగ్గా సాగుతుంది. గోదాము పెద్దాయన కళ్ళజోడు ఎక్కడుందని ఊరంతా వెతుకుతాడు, అది నెత్తిమీదే ఉందని ముందు గుర్తుచేయాలి. డైరెక్టరుగారి సంతకం కోడి గెలికినట్టుంటుంది గానీ, చివరి గీత పైకి లేస్తే ఆయన మనసు బాగున్నట్టు, కిందికి జారితే ఆ పూట ఇంకేమీ అడగకూడదన్నట్టు. ఇవన్నీ భోజనాల దగ్గర చెబుతుంటే మా అన్నయ్యకు నవ్వలేక పొలమారేది.

వదినకు సంతకమంటే అంత ఇది ఎందుకో తెలియాలంటే వాళ్ళమ్మ గురించి చెప్పాలి. నేను ఆవిణ్ణి అత్తయ్య అంటాను. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి ఒక్కగానొక్క కూతుర్ని చదివించింది. తనకు అక్షరం ముక్క రాదు. బడి కాగితాల మీద బొటనవేలు సిరాలో అద్ది నొక్కేది. అక్కడి గుమాస్తా "నీది వేలిముద్రేగా?" అని వరసలో అందరికీ వినపడేలా అడిగేవాడట. అత్తయ్య ఆ వేలు పిడికిట్లో దాచుకుని ఇంటికొచ్చేదట. గోటి సందులో సిరా రెండు రోజులదాకా వదిలేది కాదు. ఇస్త్రీకొచ్చిన తెల్లచొక్కాలకు అంటుతుందని ఆ రెండు రోజులూ వేలికి గుడ్డపేలిక చుట్టుకునేది. అది చూసి చూసి వదిన ఎనిమిదేళ్ళ వయసులోనే పాత వార్తాపత్రికల అంచులన్నీ నింపి సంతకం నేర్చుకుంది. ఇప్పటికీ ఆవిడ సంతకంలో ఒక్క అక్షరం తగ్గదు. పూర్తి పేరు, కింద రెండు గీతలు, చివర ఒక చుక్క.

అలాంటి మనిషి పేరు మీద మరక పడింది. తొమ్మిదేళ్ళ కిందటి మాట ఇది.

భవనాలు కట్టే ఒక సంస్థకు కంపెనీవాళ్ళు ఆరు లిఫ్టులు అమ్మారు. ఒప్పందం మూడో పేజీలో ఉచిత మరమ్మతు రెండేళ్ళని ఉండాలి. కొన్నాళ్ళకు ఆ సంస్థవాళ్ళు తమ దగ్గరున్న ప్రతి తెచ్చి చూపిస్తే, కంపెనీ ప్రతిలో రెండేళ్ళని ఉన్నచోట అందులో ఐదేళ్ళని ఉంది. సంతకాలు ఏడూ అసలువే, కానీ అవి ఉండేది ఆఖరి పేజీలో. మధ్యలో ఒక పేజీ తీసి ఇంకొకటి పెట్టాలంటే ఒక పిన్ను ఊడదీస్తే చాలు. మార్చింది ఎవరో తెలియలేదు. రెండు ప్రతులనూ మోసింది ఎవరో మాత్రం అందరికీ తెలుసు.

నెల రోజులు విచారణ చేశారు. ఏమీ తేలలేదు. ఆవిడ ఉద్యోగ పత్రాల్లో "తగిన ఆధారాలు లేనందున చర్య తీసుకోలేదు" అని ఒక వాక్యం రాసి ఊరుకున్నారు. పైకి చూస్తే అది మంచి మాటలాగే ఉంటుంది. దొంగను వదిలేసినా అదే మాట రాస్తారు. ఆ తర్వాత విభాగం పెద్ద పదవి రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ ఆవిడకంటే చిన్నవాళ్ళకు వెళ్ళింది. అది కూడా ఆవిడ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఫైలు అందుకున్న ప్రతివాళ్ళూ ఆవిడ ఎదుటే పేజీలు లెక్కపెట్టేవారు, రోజుకు ఏడుసార్లు.

నేనేం తక్కువ తిన్నానా. ఆ రోజుల్లోనే వంటింట్లో అన్నయ్యతో, "నిప్పు లేనిదే పొగ రాదు కదన్నయ్యా" అన్నాను. వెనక్కి తిరిగితే వదిన గుమ్మంలో ఉంది. వచ్చి స్టవ్వు తగ్గించి వెళ్ళింది. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. నేను దాంతో ఆగకుండా జడ్జీనీ అయ్యాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

కిందటేడు ఆ ఆఫీసులోకి కంప్యూటర్లు చూసుకునే కొత్త అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. ఇకమీదట ఒప్పందాలన్నీ తెర మీదే చదివి, తెర మీదే సంతకం పెట్టాలని, ఫైలు తిప్పడం ఉండదని చెప్పింది. ఆఫీసు గగ్గోలెత్తింది. మా ఇంట్లోనూ భయం పట్టుకుంది. ఏభై దాటిన మనిషి, పైగా పేరు మీద ఆ వాక్యం. ఫైలు మోసే పని పోతే ఇంకో పని ఎవరిస్తారు?

అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి ఒక సమావేశం పెట్టారు. సంతకాలమ్మే అడ్డం తిరుగుతుందని, ఆవిడ వెనక తామూ నిలబడవచ్చని చాలామంది కాచుకున్నారు. ముందు గోదాము పెద్దాయన లేచాడు.

"సంతకం అంటే చేత్తో పెట్టాలమ్మా. గాల్లో పెట్టేది సంతకమెలా అవుతుంది? రేపు కోర్టులో ఎవడు నమ్ముతాడు?"

"ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదండీ," అందా అమ్మాయి. "టెలిగ్రాములు కొత్తగా వచ్చిన రోజుల్లోనే, తంతిలో పంపిన ఒప్పుకోలు కూడా చెల్లుతుందని ఒక కోర్టు చెప్పింది. నూటయాభై ఏళ్ళయింది. తర్వాత ఫ్యాక్సు వచ్చింది. ఏభై ఏళ్ళ కిందట లెక్కల మేధావులు రెండు తాళంచెవుల ఉపాయం కనిపెట్టారు. ఒకటి సంతకం పెట్టేవాళ్ళ దగ్గరే ఉంటుంది, సంతకమనే తాళం వేసేది దాంతోనే. రెండోది అందరి దగ్గరా ఉండొచ్చు, దాంతో సరిచూసుకోవడమే గానీ వేయడం కుదరదు. అది చూశాకే ఒక్కో దేశం చట్టాలు చేసుకుంది."

అప్పుడు వెనక వరసలోంచి వదిన లేచిందట. అందరూ ఇంక చూసుకో అనుకున్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే.

"అందరూ సంతకాలు పెట్టేశాక ఎవరైనా మూడో పేజీ మారిస్తే ఏమవుతుందమ్మా?"

కొత్తపిల్లకు పాత సంగతులేవీ తెలియవు. ఒక నమూనా ఒప్పందం తెరిచి, సంతకాలు పెట్టించి, మూడో పేజీలో రెండుని ఐదు చేసింది. వెంటనే పైన ఎర్రటి గీత, దాని కింద మాటలు వచ్చాయి: సంతకం తర్వాత ఈ పత్రం మారింది, సంతకాలు చెల్లవు.

"అంకె కాకుండా, ఒక్క చుక్క పెడితే?"

చుక్క పెట్టినా ఎర్రగీతే వచ్చింది.

"ఇంకోసారి చూపిస్తావా తల్లీ," అంది వదిన. మూడుసార్లు చూపించుకుని కూర్చుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెబుతూ చెబుతూ ఏడ్చింది. విచారణ జరిగిన నెలలో కూడా ఆవిడ కంట తడి నేను చూడలేదు.

"నా పని పోతే పోనీ," అంది. "ఇది అప్పుడే ఉంటే ఎవరూ నన్ను లెక్కపెట్టేవాళ్ళు కాదు." పేజీలను అనబోయి నన్ను అంది. నేను దిద్దలేదు.

ఆవిడ పని పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడంలోనే నా గర్వమంతా ఉంది. ఆ అమ్మాయి సంతకాల వరసను హోదా ప్రకారం పెట్టింది, డైరెక్టరుగారు ముందు, గోదాము చివర. మొదటి వారమే ఒప్పందాలు తిరిగి తిరిగి మొదటికి రాసాగాయి. వదిన వెళ్ళి ఆమె పక్కన కుర్చీ లాక్కుంది.

"హోదా వరస వద్దమ్మా, పని వరస పెట్టు. సామాను ఉందని గోదాము ఒప్పుకోకపోతే డిజైనాయన పెట్టి ఏం లాభం? ఖాతాలాయన పెట్టకుండా డైరెక్టరుగారికి పంపితే ఆయన ఎలాగూ వెనక్కే పంపుతారు. ఇంకోటి, చివరి పేజీదాకా వెళ్ళనివాళ్ళకు సంతకం గడి కనపడకూడదు. చదవకుండా పెట్టేవాళ్ళు ముగ్గురున్నారు, పేర్లు నన్నడగొద్దు."

పాతికేళ్ళు మెట్ల మీద నేర్చుకున్నదంతా అలా ఆ యంత్రంలోకి ఎక్కింది. పదకొండు రోజులు తిరిగే ఒప్పందం ఇప్పుడు ఒక పూటలో పూర్తవుతోంది. వేరే ఊరి కొనుగోలుదారు కొరియరు కోసం ఎదురుచూడటం మానేశాడు. ఒక సంతకం మిగిలిపోయిందని ఎవరూ ఫోన్లు చేయడం లేదు. ఫైళ్ళతో నిండిన గది ఖాళీ అయి, అందులో మెకానిక్కులు భోజనాలు చేస్తున్నారు. ఎవరు, ఏ రోజు, ఏ నిమిషంలో, ఏ ఫోనులోంచి పెట్టారో అంతా పత్రం వెంటే ఉంటుంది.

గోదాము పెద్దాయన మాత్రం మొదటిరోజు నవ్వులపాలయ్యాడు. సంతకం ముందు మనిషిని గుర్తుపట్టడానికి ఫోను మీద వేలు ఆనించాలి. "వేలిముద్ర వేయండి సార్" అని ఎవరో అన్నారు. ఆయన ముందు, "నేనేమన్నా వేలిముద్రగాణ్ణా? డిగ్రీ చదివాను" అని మండిపడ్డాడు. తర్వాత మనసు మార్చుకుని, రబ్బరుస్టాంపుల సిరాపెట్టె తెరిచి, బొటనవేలు బాగా అద్ది, ఫోను అద్దం మీద నొక్కాడు. ఫోను నల్లబడింది, మనిషి ఎర్రబడ్డాడు. ఆఫీసంతా నవ్వుతుంటే వదిన ఒక్కతే నవ్వకుండా గుడ్డ తెచ్చి ఫోను తుడిచి, ఆయన వేలూ తుడిచింది. "ఈ పని మా అమ్మ ఏభై ఏళ్ళ ముందే చేసిందండీ. డైరెక్టరుగారు కూడా ఇప్పుడు ఆవిడ దారికే వచ్చారు," అంది.

ఈ ఏడు మొదట్లో తొమ్మిదేళ్ళ కిందటి ఆ భవనాల సంస్థే మళ్ళీ ఒప్పందం చేసుకుంది. కొన్ని నెలలకు వాళ్ళ మనిషి ఒక కాగితం పట్టుకొచ్చాడు. మూడో పేజీలో ఉచిత మరమ్మతు ఐదేళ్ళని ఉంది. ఖాతాల అధికారి వదినవైపు చూశాడట. అలవాటైపోయిన చూపు. వదిన ఆ కాగితం ముట్టుకోలేదు.

"అచ్చుతీసిన కాగితం వద్దండీ. సంతకాలున్న అసలు ఫైలు ఇక్కడ కూర్చునే పంపించండి," అంది.

అతను బయటికెళ్ళి ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. చివరికి పంపక తప్పలేదు. తెరవగానే ఎర్రగీత. కంపెనీ దగ్గరున్న ప్రతి తెరిస్తే ఏడు సంతకాలూ చెక్కుచెదరలేదు, రెండేళ్ళనే ఉంది. విషయం ఆ సంస్థ యజమానిదాకా వెళ్ళింది. ఆయన తన మనుషుల్ని నిలదీస్తే కొనుగోళ్ళ మేనేజరు ఒప్పుకున్నాడు, ఇప్పటిదీ తనే, తొమ్మిదేళ్ళ కిందటిదీ తనే. యజమాని క్షమాపణ రాసి పంపాడు.

డైరెక్టరుగారు వదినను పిలిచి కూర్చోమన్నారు. ఆ పాత వాక్యం కొట్టేసి, ఆవిడ తప్పేమీ లేదని ఉత్తర్వు ఇస్తామని, విభాగం పెద్ద పదవి కూడా ఆవిడదేనని చెప్పారు.

"ఆ ఉత్తర్వు మీద ఏడుగురూ సంతకం పెట్టాలండీ, చివరిదాకా చదివి," అంది వదిన. "నా తరఫు సాక్షిని నేను తెచ్చుకుంటాను."

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య, వదిన, నేను అత్తయ్య ఇంట్లో ఇస్త్రీబల్ల పక్కన కూర్చున్నాం. వదిన తల్లి కోసం కొన్న ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. ఉత్తర్వు మొత్తం చదివి వినిపించింది. ఏడుగురూ పెట్టేశారు. అన్నిటికంటే కింద ఉన్న గడి సాక్షిది.

"నేనేం సాక్షినే. నాకు సంతకం రాదుగా," అంది అత్తయ్య, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"వేలు పెట్టమ్మా చాలు."

కుడి బొటనవేలు పెట్టింది. ఫోను గుర్తుపట్టలేదు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అంతే. నలభై ఏళ్ళ ఇస్త్రీపెట్టె పిడి ఆ వేలి గీతలన్నీ అరగదీసింది. "చూశావా, దీనిక్కూడా నేను పనికిరాను," అని అత్తయ్య నవ్వబోయి ఆగిపోయింది.

"ఎడమది పెట్టు," అంది వదిన.

ఎడమ వేలు ఒప్పుకుంది. గడి పచ్చబడింది, అత్తయ్య పేరు, తేదీ, గంట, నిమిషం వచ్చాయి. నేను అప్పుడే అన్నాను, అందరూ వింటుండగా, "వదినా, ఆ రోజు వంటింట్లో అన్న మాట తప్పు. నీ అంత నిప్పులాంటి మనిషిని నేను చూడలేదు," అని. వదిన నావైపు చూసి, "నిప్పంటే మళ్ళీ పొగ అంటావేమో," అంది. ముగ్గురం నవ్వాం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్తయ్య మాత్రం మా మాటలు వినడం లేదు. అలవాటుగా తుడుచుకోవడానికి గుడ్డపేలిక అందుకుని, వేలు వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"ఏమే, ఏమీ అంటలేదే," అంది.

"ఇంక అంటదమ్మా," అంది వదిన.