బోర్డు లేని జిలేబీ కొట్టు

నా చిన్నప్పుడు నాకు చదవడం ఎంత బాగా వచ్చేదో, చదివింది పైకి అనకుండా ఊరుకోవడం అంత చేతకాదు. రిక్షా ఎక్కితే చాలు, దారిపొడవునా ఉన్న బోర్డులన్నీ గట్టిగా చదివేదాన్ని. ఫ్యాన్సీ స్టోర్సు, పళ్ళ డాక్టరు, ఎరువుల దుకాణం, టైపు ఇన్‌స్టిట్యూటు. తెనాలిలో నాకు తెలియని వీధి లేదని నా గట్టి నమ్మకం. నిజానికి నాకు తెలిసింది ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి, ఎప్పుడైనా నాన్నతో సినిమా హాలుకి. మిగతా ఊరంతా రిక్షాలోంచి చదివిన రాతే.

మా నాయనమ్మకి చదువు రాదు. కొలకలూరులో పుట్టి, చిన్నతనంలోనే తెనాలికి కాపురానికి వచ్చిన మనిషి. ఆవిడతో బజారుకి వెళ్ళడమంటే నాకు ప్రాణసంకటం. పది అడుగులకోసారి ఆగి ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడిగేది. నాయనా, ఇది ఏ ఊరు బస్సు? అమ్మాయ్, ఈ వంకాయలు ఏ లంకవి? ఏమయ్యా, మీ ఆవిడకి నడుంనొప్పి తగ్గిందా? తనకి తెలిసిన సంగతే అయినా అడిగేది. పక్కన నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నెత్తి మీద అంత పెద్ద బోర్డుంటే మళ్ళీ అడగడమేంటని నా బాధ. ఆవిడ చదవలేదన్న సంగతి నాకు అప్పుడు బాధగా తోచలేదు, నామోషీగా తోచింది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి కొంచెం ఆగుతోంది. అయినా నిజం నిజమే.

ఎనభైల్లో ఒక వేసవి. నాకు పదకొండేళ్ళు. హైదరాబాదు నుంచి మా పిన్ని కూతురు వచ్చింది. నాకన్నా ఆరు నెలలు చిన్నది. నాకు తోబుట్టువులు లేరు కాబట్టి, ఆ పిల్ల ఎప్పుడొస్తుందా అని ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. ఆదివారం దాకా మా ఇంట్లో ఉండి, తర్వాత బాపట్లలో వాళ్ళ తాతయ్యగారింటికి వెళ్ళాలని ముందే అనుకున్నాం. కానీ మూడో రోజుకే మా చెల్లెలు మొహం ముడుచుకుంది. మేడ మీద ఆడే ఆటలన్నీ అయిపోయాయి, ఉన్న పుస్తకాలు చదివేశాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర తేల్చి చెప్పేసింది.

"బాపట్లలో అయితే సముద్రం ఉంది. మీ ఊళ్ళో ఏముందే? రేపు సాయంత్రం మా బాబాయి ఏదో పని మీద ఇటే వస్తాడటగా. ఆయనతో రైలెక్కేస్తా."

ఇంకా నాలుగు రోజులుండాల్సిన మనిషి రేపే వెళ్ళిపోతానంటోంది. అప్పుడు మా నాయనమ్మ నెమ్మదిగా, దాన్ని ఊళ్ళోకి తీసుకెళ్ళవే, బెల్లం జిలేబీ తినిపించు, నాటకాల కిరీటాలు చేసే ఇల్లు చూపించు అంది. దుఃఖం చెల్లెలి వల్ల, కోపం నాయనమ్మ మీద. నాకు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే, కోపం వచ్చినచోట దిగదు.

"నీకేం తెలుసు నాయనమ్మా? బస్సు మీద ఇంతింత అక్షరాలుంటే చదవలేవు, కనపడ్డవాళ్ళనల్లా అడుగుతావు. ఎవరూ చెప్పకపోతే నువ్వు ఇంటికి కూడా రాలేవు."

చెల్లెలు కిసుక్కున నవ్వింది. మా అమ్మ నా వంక చూసిన చూపుకి మామూలు పిల్లయితే లేచి పారిపోయేది. నాయనమ్మ మాత్రం నా కంచంలో మజ్జిగ పోసింది. పోస్తూనే అంది.

"నిజమేనే. చదువొచ్చినదానివి నువ్వే కదా. రేపు దాన్ని నువ్వే తీసుకెళ్ళు. ఎక్కడో నేను చెప్పను. బోర్డులు చదువుకుంటూ పో."

సరేనన్నాను. అనేశాక గాని తట్టలేదు, జిలేబీ కొట్టు ఎక్కడుందో నాకు తెలియదని. పుట్టినప్పటి నుంచీ తింటున్నాను, కానీ నా లెక్కలో జిలేబీ నాయనమ్మ సంచీలోంచి వచ్చే వస్తువు. ఆ సంచీలోకి ఎక్కణ్ణుంచి వస్తుందో ఎన్నడూ ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళి, ఎన్నడూ లేనంత ఆలస్యంగా తిరిగొచ్చింది. సంచీలో చూస్తే ఒక్క కరివేపాకు కట్ట ఉంది. మా అమ్మ విచిత్రంగా చూసింది.

మధ్యాహ్నం రెండున్నరకి మేమిద్దరం బయల్దేరాం. తల పైకెత్తి, ఒక్కటీ వదలకుండా బోర్డులు చదువుకుంటూ నడిచాను. పెద్ద బజారు దాటాం, కాలవ మీద వంతెన దాటాం, అవతల వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చాం. బెల్లం జిలేబీ అన్న బోర్డు ఎక్కడా లేదు. ఒకచోట మాత్రం ఎర్రటి అక్షరాలతో, ఇచ్చట అన్ని రకముల మిఠాయిలు లభించును అని గోడంత రాసి ఉంది. గెలిచినట్టే లోపలికి తీసుకెళ్ళాను. అక్కడి జిలేబీ పచ్చగా, చక్కెర గడ్డకట్టి, కొరికితే పెళ్ళలుగా రాలింది. చెల్లెలు ఒక ముక్క తిని, ఇలాంటిది మా వీధి చివర కూడా దొరుకుతుందిలే అంది. నిజమే కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. నేను ఎదురు చెప్పలేకపోవడం మా ఇంట్లో అరుదైన సంగతి.

మళ్ళీ వంతెన, మళ్ళీ అవే వీధులు. దారిలో ఎవరినైనా అడుగుదామని చెల్లెలు రెండుసార్లు అంది. నేను వినిపించనట్టు నడిచాను. అడిగితే నాయనమ్మలా అయిపోతానని నా భయం. మూడోసారి వంతెన మీదికి వచ్చేసరికి ఆ పిల్ల చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. రోడ్డు నిప్పులా కాలుతోంది. ఒంటికాలి మీద నిలబడి నా భుజం పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు.

"బాబాయి వచ్చే వేళవుతోంది. ఇంటికి పోదాం. మీ ఊళ్ళో నిజంగానే ఏం లేదు."

వంతెన దిగేచోట, వెలిసిపోయిన నల్ల గొడుగు కింద చెప్పులు కుట్టే తాత ఒకాయన కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు ఆయన ముందు నుంచే వెళ్ళాను. ఆయనకి బోర్డు లేదు కాబట్టి నాకు కనపడలేదు. చెప్పు ఇస్తే తీసుకుని మాట్లాడకుండా కుట్టడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో ఓరగా నా వంక చూసి మీసాల్లో ఏదో మింగుతున్నాడు. చెల్లెలు నన్ను మోచేత్తో పొడిచింది. నేను తల అడ్డంగా ఊపాను. అయితే నేను వెళ్ళిపోతా అంది, ఈసారి కోపంగా కాదు, అలసిపోయి.

ఈ పిల్ల వెళ్ళిపోతే మళ్ళీ వేసవి దాకా నేనూ, బోర్డులూ మిగులుతాం.

"తాతా, బెల్లం జిలేబీ కొట్టెక్కడ?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఆయన చేతిలో పనిముట్టు పక్కన పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"అడిగావా తల్లీ, బతికించావు. మూడు మార్లు వంతెన ఎక్కి దిగుతుంటే చూడలేక చచ్చిపోయాననుకో. మీ నాయనమ్మగారు పొద్దున్నే వచ్చి ఒట్టేయించుకు పోయారు. ఎర్ర రిబ్బన్ల పిల్లొకతి వస్తది, అడిగేదాకా పలకొద్దు, అడిగాక మాత్రం ఇంటిదాకా కనిపెట్టుకోండి అని. నోరు పెద్దదని కూడా చెప్పార్లే. ఇంతసేపూ నోరే లేదే, ఈ పిల్ల కాదేమో అనుకున్నా."

చెల్లెలు పగలబడి నవ్వింది. నా చెవులు కాలిపోయాయి.

తాత దారి చెప్పాడు. చెప్పింది దారి ఒక్కటే కాదు. కాలవ గట్టునే వెళ్ళాలట, రేకుల పంచ కనపడాలట. మూడు దాటితే గాని పొయ్యి వెలిగించరు, ముందెళ్ళినా లాభం లేదు. మొదటి వాయి తీసుకోవద్దు, రెండోది అడిగి తీసుకో, అప్పటికి పాకం కుదురుతుంది. ఏ బోర్డు మీదా ఇంత రాసి ఉండటం నేను చూడలేదు.

కొట్టంటే కొట్టు కాదు, ఒక ఇంటి ముందు పంచ. ఒకావిడ పీట మీద కూర్చుని, చిల్లు పెట్టిన గుడ్డలోంచి పులిసిన పిండిని కాగే నూనెలోకి గుండ్రంగా వదులుతోంది. పక్కన బెల్లం పాకం. వాసన గట్టు మలుపు నుంచే తగిలింది. నన్ను చూడగానే ఆవిడ కూడా నవ్వేసింది.

"ఇందాక ఈ గట్టు మీద నించే పోయారమ్మా, మేడల వంక చూసుకుంటా. పిలుద్దామంటే పెద్దమ్మగారి మాటాయె."

నేను ఊరుకోకుండా, బోర్డు ఎందుకు పెట్టలేదని నిలదీశాను. ఆవిడ చెయ్యి ఆపకుండానే చెప్పింది. "తెలిసినోళ్ళకి బోర్డెందుకమ్మా? తెలియనోళ్ళకి నోరుందిగా."

నల్లగా, వంకరగా ఉన్న ఆ జిలేబీ ఆకులో పెట్టి ఇస్తే చెల్లెలు అనుమానంగా కొరికింది. తర్వాత ఇంకోటి అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసి చెయ్యి చాపింది. వేడి వేడి పాకం మోచేతి దాకా కారుతుంటే ఇద్దరం గట్టు మీద నిలబడి నాక్కున్నాం.

కిరీటాల ఇల్లు ఎక్కడని ఈసారి నేనే అడిగాను. పక్క సందే. అక్కడ గోడల నిండా కిరీటాలు, గదలు, భుజకీర్తులు. నడుమ కుర్చీలో, మా పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే బక్కపలచని గుమాస్తాగారు భీముడి కిరీటం కొలతకి తల వంచి కూర్చుని ఉన్నారు. కిరీటం కళ్ళ మీదికి జారిపోతోంది. చెల్లెలు ధైర్యం చేసి, ఈయన భీముడెలా అవుతారండి అని అడిగింది. కిరీటాల మేస్త్రీ ఏమాత్రం నవ్వకుండా, భుజాలు మావి, కోపం ఆయనదమ్మా అన్నాడు. ఆదివారం నాటకం ఉంది, వస్తే తెర వెనక చోటిస్తానన్నాడు. మా చెల్లెలి తల మీద ఒక అట్ట కిరీటం పెట్టి అద్దం చూపించాడు.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద ఆ పిల్లే అంది, బాబాయిని ఒక్కణ్ణే పొమ్మందామని.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ అరుగు మీద చేటలో కందిపప్పు బాగుచేస్తోంది. నేను వెళ్ళగానే జగడం వేసుకున్నాను. మోసం చేశావు, ఊరంతా ముందే చెప్పొచ్చావు అన్నాను.

"చెప్పొచ్చానే. ఆడపిల్లలిద్దరు, ఎండలో దారి తప్పితేనో?" అంది చేటలోంచి తల ఎత్తకుండా. గొంతు పెంచకుండానే ఇంకో మాట అంది. "నేను రోజూ పదిమందిని అడుగుతాను. నువ్వు ఒక్కర్ని అడగడానికి చెప్పు తెగాల్సొచ్చింది."

పొట్లంలో మిగిలిన జిలేబీ ఆవిడ చేతిలో పెట్టాను. రెండో వాయేనా అని అడిగింది. అవునన్నాను. ముందురోజు అన్న మాటకి క్షమించమని మాత్రం అడగలేదు. అడగడం ఆ రోజే నేర్చుకున్నాను, అంత పెద్దది అడిగేంత అలవాటు ఇంకా కాలేదు. అయ్యేసరికి ఆవిడ లేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, అందుకే చదువుకన్నా లోకజ్ఞానం గొప్పదండి అంటారు. అలా తేల్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా నాయనమ్మ అలా ఒక్కనాడూ అనలేదు. నేను కాలేజీలో చేరిన రోజున అందరికన్నా ఎక్కువ సంతోషపడింది ఆవిడే. చదవగలిగితే ఆవిడ ఆ బోర్డులన్నీ చదివేదే, చదివాక కూడా అడిగేది. నాకు అర్థమైంది అంతే. చదివితే కొట్టు పేరు తెలుస్తుంది. అడిగితే పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారో, ఎవరి నడుంనొప్పి తగ్గిందో తెలుస్తుంది. తొంభైల్లో నాకు రేపల్లెలో ఉద్యోగమొచ్చినప్పుడు, మొదటి రోజే స్టేషన్ బయట టీ కాచే పిన్నిగారిని పట్టుకుని కూర్చున్నాను. నిజాంపట్నం నుంచి చేపలు ఏ పూట వస్తాయో, ఏ ఇంట్లో పూతరేకుల్లాంటి చపాతీ చేస్తారో, పెనుమూడి రేవు దగ్గర సాయంత్రం ఎక్కడ కూర్చుంటే గాలి తగులుతుందో వారం తిరక్కుండా నాకు తెలిసిపోయింది. అక్కడే పుట్టిన నా తోటి ఉద్యోగులకి తెలియదు.

పోయినేడు మా అమ్మాయితో తెనాలి వెళ్ళాను. అది ఫోన్ చూసుకుంటూ నన్ను సరిగ్గా కొట్టు ముందుకే తీసుకెళ్ళింది. పంచ పోయింది, అద్దాల తలుపులు వచ్చాయి. పైన బారెడు బోర్డు, చుట్టూ రంగు దీపాలు. నేను దాని కిందే నిలబడి, లోపలున్న అబ్బాయిని, బాబూ, బెల్లం జిలేబీ కొట్టు ఇదేనా అని అడిగాను. అమ్మాయి తల పట్టుకుంది.

"పైన రాసుంది కదండి," అన్నాడతను.

"నాకు చదువు రాదు నాయనా," అన్నాను.

అతను ఒక్క క్షణం నా వంక చూశాడు. బల్ల వెనక నుంచి లేచి, బయటికొచ్చి, నా పక్కన నిలబడి, వేలు పెట్టి చూపిస్తూ ఆ బోర్డు మొత్తం చదివి వినిపించాడు. తర్వాత అడక్కుండానే, ఇప్పుడు తీసుకోకండి పెద్దమ్మగారూ, ఇది మొదటి వాయి, కాసేపు కూర్చోండి అన్నాడు. నేను మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నాను. నన్ను ఎరిగినవాళ్ళకి అది నాకెంత కష్టమో తెలుసు.