నీలమా, ఊదానా: దండు రోడ్డులో జకరండా

ఈ ప్రయాణానికి మూలం ఒక తగువు. పోయినేడు ఉగాది వెళ్లాక బెంగళూరులో జకరండా పూలు చూసి, అవి నీలం రంగువని ఇంట్లో అందరికీ చెప్పాను. మా పిన్ని కొడుకు ఆంజనప్ప కూతురు శారద మాత్రం "నీలం కాదత్తా, ఊదా" అని పట్టుబట్టింది. నవ్వులాటగా మొదలైన ఆ మాట ఈ ఏడు బరువెక్కింది. శారదకు పెళ్లి కుదిరింది, పెళ్లి చీర ఆ పువ్వు రంగులోనే కావాలంది. ఆంజనప్ప బెంగళూరు పాత ఊరైన పేటలో పట్టు నేస్తాడు. ఊళ్లో ఎందరి పెళ్లిళ్లకో నేసినా సొంత ఇంటికి నేయడం ఇదే మొదలు. యుద్ధం వచ్చాక విదేశాల నుంచి ఓడల్లో వచ్చే సీమ రంగులు బజారులో దొరకడం లేదు. అతని దగ్గర మిగిలిందల్లా ఒక డబ్బా అడుగున కాస్త ఊదారంగు పొడి, పొదుపుగా వాడితే ఒక్క చీరకు చాలుతుంది. తప్పు రంగు దించితే మళ్లీ ముంచేందుకు పొడి లేదు. "అక్కను రమ్మనండి, ఆమె చెప్పిందే ఖాయం" అని కబురు పంపాడు. చదువుకున్నదాన్నని నా మాట మీద అతనికి గురి. నాకే నా కళ్ల మీద గురి కుదరలేదు. నేను చూసింది పువ్వునా, పువ్వు వెనకనున్న ఆకాశాన్నా?

అనంతపురంలో రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి సిటీ స్టేషనులో దిగవచ్చు. ఈ రోజుల్లో మిలిటరీవాళ్లతో బండ్లు కిటకిటలాడుతున్నాయి కాబట్టి ఆడవాళ్ల పెట్టె దగ్గర ముందుగానే నిలబడటం మేలు. స్టేషను నుంచి పేట దాకా నడిచే దూరమే. నేను వెళ్లేసరికి ఆంజనప్ప మగ్గం ముందు కాక గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. శారద బెల్లం కాఫీ తెచ్చింది.

"అత్తా, మా నాయన ఈ ఊర్లోనే పుట్టినాడు. ఇంతవరకు ఆ చెట్టు చూళ్లేదంట. అడుగు కావాలంటే."

"దండులో మనకేం పనిమ్మా?" అన్నాడు ఆంజనప్ప. తెల్లదొరల బంగళాలూ సిపాయిల బారకాసులూ ఉండే కంటోన్మెంటును పేటవాళ్లు దండు అంటారు. "పట్టు కొనేవాళ్లంతా ఈడికే వస్తారు. చెట్టు రాదు కదా, అదే చిక్కు."

రెండు చిన్న పట్టు దారపు చిలపలు సంచిలో వేసుకుని అతనూ నాతో బయలుదేరాడు. ఒకటి నీలిమందులో ముంచింది, రెండోది డబ్బాలోంచి చిటికెడు పొడి తీసి ముంచి చూసింది. నీలిమందుకు కరువు లేదు, అది మన కడప సీమదే. రెంటిలో ఏది పువ్వుకు సరిపోతే చీరంతా ఆ రంగు.

జట్కాకు ఆరణాలు అడుగుతారు, నాలుగణాలకు వస్తారు. మా జట్కావాడు మునియప్ప మాటకారి. ఊదా పూల చెట్టు అనగానే కబ్బన్ పార్కు పక్కన ఒక దేవకాంచనం చెట్టు కింద ఆపేశాడు.

"ఇది కాదప్పా, ఆకు లేకుండా ఒళ్లంతా పూసేది" అన్నాను.

"ఓ, ఆ జారే చెట్టా! ముందే చెప్పకూడదా తాయీ? దాని పేరెవురికి తెలుసు? పువ్వు రాలి నేలంతా జారతా ఉండాది. మొన్న నా గుర్రం మోకాళ్ల మీద పడింది."

"గుర్రం పడిందా, నువ్వు పడినావా?" అన్నాడు ఆంజనప్ప.

"ఇద్దురూ పడినాం. దానికి సిగ్గు లేదు, నాకుండాది."

పార్కు దాటాక దండు రోడ్డు మొదట్లోనే కళ్లెం లాగాడు. అక్కడి నుంచి లోపలికి గుర్రాన్ని తోలనన్నాడు. దిగి నడిచాం. ఇప్పుడనిపిస్తుంది, ఆ గుర్రం పడి ఉండకపోతే మాకు చీర రంగు దొరికేది కాదు.

రోడ్డుకు రెండు పక్కలా చెట్లు కలుసుకుని పూశాయి. ఎండ మాకు ఎదురుగా ఉంది. తల ఎత్తితే నీలం, సందేహం లేని నీలం. "చూశావా!" అన్నాను కాస్త గర్వంగానే. ఆంజనప్ప నీలి చిలప తీసి పైకెత్తి తలాడించాడు. నాలుగడుగులు వేసి కిందికి చూస్తే తడి నేల మీద అవే పూలు పచ్చి ఊదా. శారద నెగ్గింది. రెండో చిలప నేలకు ఆనించాడు, అదీ సరిపోయింది. వెనక్కి తిరిగి ఎండ వీపుకు పెట్టుకుని చూశాం. కొమ్మ మీద పూలు ఈసారి ఊదాగా మారి, నీడలో ఉన్నవి మాత్రం నీలంగా మిగిలాయి. అరచేతిలోకి తీసుకుంటే రెండూ కాని ఏదో బూడిద చాయ. అతను ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగాడు.

"అక్కా, చెప్పు. రేపు నీళ్లు కాగబెట్టల్ల. ఏది దీని రంగు?"

నీలమని చెప్పి మగ్గం ఎక్కిస్తే పిల్ల చిన్నబోతుంది. ఊదా అంటే ఉన్న పొడంతా ఖర్చయిపోతుంది, అదీ సగం నిజానికే. "నాకు తెలియదు ఆంజీ. నిలబడితే ఒకటి, నడిస్తే ఒకటి" అన్నాను. అంతకంటె నిజమైన మాట నా దగ్గర లేదు.

"బి.ఏ. చదివి ఇదా చెప్పేది?" అని నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. "నడిస్తే మారల్ల. అంతే కదా?"

సంచిలోంచి రెండు చిలపలూ తీశాడు. నీలిది వేళ్ల మధ్య నిలువుగా బిగించి, ఊదాది దాని మీదుగా అడ్డంగా, ఒకటి విడిచి ఒకటి దూర్చాడు. మణికట్టు ఇటు తిప్పితే నీలం. అటు తిప్పితే ఊదా.

"పడుగు నీలి, పేక ఊదా. పొడి సగమే చాలు."

రోడ్డు మొదట్లో మునియప్ప, "ఏమి, జారినారా?" అని అరిచాడు. "జారలేదప్పా, నిలబడినాం" అన్నాడు ఆంజనప్ప.

నాలుగు పూలు శారదకని రుమాలులో కట్టుకున్నాను. పేట చేరేసరికి నలిగి గోధుమరంగుకు తిరిగాయి. పిల్ల వాటిని చూసి "ఇదా అత్తా నీ నీలం?" అంది. తండ్రి పడుగు సరి చేసుకోవడానికి నేరుగా లోపలికి వెళ్లాడు.

మొన్న పెళ్లికి మళ్లీ వెళ్లాను. పీటల వెనక ఇద్దరు ముత్తైదువులు తలంబ్రాలు మరచి వాదులాడుకుంటున్నారు. "నీలం చీరమ్మా, కనబడలేదా?" "నీ కండ్లకేమయింది, ఊదా కదే అది!" ఆంజనప్ప ఆ గొడవ చెవిన వేసుకుంటూ నావైపు చూశాడు. అతను కూతురు పెళ్లిలో మనసారా నవ్వింది అప్పుడే.

నా సందేహం తీరిందని చెప్పలేను. ఆ పువ్వు అసలు రంగేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి మాత్రం ఇప్పుడు మొహమాటం లేదు. మీరు వెళ్లేటట్లయితే ఉగాది దాటిన వారం పది రోజులకు, పొద్దున్నే వెళ్లండి. ఒకే వైపు నడిచి వచ్చేయకుండా అదే దారిన వెనక్కి కూడా నడవండి. పువ్వును మాత్రం ఇంటికి తేకండి, దారిలోనే రంగు వదిలేస్తుంది. దేనితోనైనా పోల్చి చూడాలంటే దాన్నే చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి.