చలికోటు తొడుక్కునే టమాటాలు

ఒక మే నెలలో వెండెల్, తీగ మీద ఆరేసిన ఫాదర్‌గారి పొడుగు అంగీని ఎత్తుకెళ్ళి గుమ్మడి మొక్కకి కప్పాడని ఊళ్ళో ఓ పుకారుంది. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫాదర్‌ని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. వెండెల్‌ని అడిగితే ఆ ఏడు తను గుమ్మడే వెయ్యలేదంటాడు. అయినా ఆ మాట నమ్మనివాళ్ళు మూర నది ఇవతలి ఒడ్డున లేరు. ఎందుకంటే వెండెల్‌కున్న పిచ్చి ఒక్కటే. తన తోటలో ఏ మొక్కకీ చలి వెయ్యకూడదు. అందుకోసం ఏడాది పొడుగునా ఇల్లిల్లూ తిరిగి పాత బట్టలు అడుక్కుంటాడు.

దడికి ఇవతల ఉండే ట్రేజాకి వెండెల్ సంగతులు తెలిసినంతగా వెండెల్‌కి కూడా తెలియవు. ఆవిడ లెక్క ప్రకారం ఆ తోట మనుషులకంటే పురుగులకే ఎక్కువ అన్నం పెట్టింది. వెండెల్ మందు కొట్టడని తెలిసి, బంగాళాదుంపల మీది చారల పురుగులు పొరుగూళ్ళ నుంచి చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చేవి. నత్తల్ని బకెట్లకి బకెట్లు ఏరి ట్రేజా బాతులకి వేసేవాడు. అవి తిని తిని నడక మరిచిపోయి దొర్లడం మొదలుపెట్టాయి. క్యారెట్లకి కాళ్ళొచ్చి, సంతలో ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవారు. పోయినేడు వడగళ్ళు పడి క్యాబేజీలన్నీ జల్లెడలయ్యాయి. మందుల్లేని సాగేనా అని తనిఖీకొచ్చినావిడ నారుపెట్టె పక్కన ఉన్ని స్వెటర్ చూసి, ఈ ఉన్నిచ్చిన గొర్రె మందు కొట్టిన గడ్డేమైనా మేసేదా అని అడిగిందట.

మొక్కలకి కప్పే తెల్లగుడ్డ బజార్లో దొరుకుతుంది కదా అంటే, అది కప్పితే టమాటాలు తాము చచ్చిపోయామనుకుంటాయని చెప్పేవాడు.

ఆయన అడుక్కునే తీరు కూడా అందరిలాంటిది కాదు. మంచు మోకాళ్ళదాకా ఉన్న నవంబర్లో వచ్చి తలుపు కొట్టేవాడు.

"ఇప్పుడు టమాటాలెక్కడివి వెండెలూ?"

"విత్తనాలున్నాయి కదా, డబ్బాలో. వాటికీ గాలి చప్పుడు వినిపిస్తుంది."

ఇచ్చిన కోటు అలాగే తీసుకునే రకం కాదు. గుండీలు ఊడినవి వద్దనేవాడు. జేబుల్లో చెయ్యి పెట్టి చిల్లులు వెతికేవాడు. టమాటాకి జేబులెందుకని ట్రేజా అడిగితే, చేతులు పెట్టుకోవడానికన్నాడు. సారా దుకాణం గేజా ఒకసారి ఎగతాళికి, నీ టమాటాలకి టోపీ కూడా కావాలా అన్నాడు. కావాలి, చెవులు మూసేది ఇవ్వు అన్నాడు వెండెల్. ఇచ్చేదాకా కదల్లేదు కూడా.

ట్రేజా ఇంట్లో తలుపు వెనక మేకుకి ఆవిడ మొగుడు లుయిజ్ కోటు వేలాడుతుండేది. నల్ల ఉన్ని కోటు, గుర్రం ఎక్కినా దిగినా నలగనంత దళసరిది. లుయిజ్ పోయినప్పటి నుంచి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వెండెల్ ఏటా దానికేసి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేవాడు. ఈ చలికాలం మాత్రం ఆవిడే మేకు మీంచి తీసి ఇచ్చింది.

"మట్టి చెయ్యకు."

"టమాటాలు శుభ్రంగానే ఉంటాయి ట్రేజా."

ఇంత గుడ్డ పోగేసినా అది తోటలోకి రావడం మాత్రం ఎవరూ చూడలేదు. మే నడుమ తమ పండగరోజుల్లో ఆఖరి మంచు తెచ్చే చలి పునీతులు ముగ్గురూ, పంక్రాసి, సెర్వాసి, బొనిఫాసి, కొన్నేళ్ళుగా మెత్తబడిపోయారు. ఈ ఏడూ అంతేలే అనుకుని వెండెల్ ఈ ప్రాంతంలో పసిపిల్లలు కూడా చెయ్యని తప్పు చేశాడు. నారు ముదిరి కిటికీలోంచి బయటికి దూకేలా ఉందని, పునీతులు దాటకముందే మొత్తం నేలలో నాటేశాడు. సెర్వాసి రోజు పొద్దున రేడియో చెప్పింది, ఈ రాత్రి గడ్డకట్టే మంచు అని.

ఈ టమాటాలు పోతే తన దగ్గర ఇంకేం మిగల్దని, నేలని గుట్ట అవతల అద్దాల షెడ్లలో కూరగాయలు పండించే కంపెనీకి కౌలుకిచ్చేస్తానని వెండెల్ అందరితోనూ చెప్పి ఉన్నాడు. సాయంత్రానికి ఊరంతా దడి దగ్గర చేరింది. జాలి ఉంది, కాదనం. కానీ ఎవరి కోటు ఏ మొక్క తొడుక్కుంటుందో చూడాలని అంతకంటే ఎక్కువ ఉంది.

వెండెల్ ఇంట్లోంచి తన దుప్పటి తెచ్చి కప్పాడు. తర్వాత తన పెళ్ళి కోటు. తర్వాత ఆదివారం ప్యాంటు, కిటికీ తెర, బల్ల మీది గుడ్డ. చివరికి ఒంటి మీది చొక్కా విప్పి బనీనుతో నిలబడ్డాడు. నాలుగు వరసలైనా కప్పడం పూర్తి కాలేదు. తోటంతా ఇంకా బోడిగానే ఉంది.

"మా లుయిజ్ కోటేది?" అంది ట్రేజా.

"టమాటాలకి నచ్చలేదు."

"అమ్ముకున్నావా వెండెలూ?"

వెండెల్ తలమీది టోపీ తీసి ఓ మొక్కకి పెట్టాడు. ట్రేజాకి ఆ మనిషిని కొట్టాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది. ఏది ముందో తేల్చుకునేలోపే గుట్ట మీది దారిలో సైకిళ్ళు కనిపించాయి.

మొదటి సైకిలు మీద గేజా కోటు వస్తోంది. దాని పైన గేజా ఇచ్చిన చెవుల టోపీ. వెనకాల ఇంకొకరి నాన్న జాకెట్టు, ఇంకొకరి అన్న స్వెటరు. ఊళ్ళో ఉన్నవాళ్ళవీ పోయినవాళ్ళవీ బట్టలన్నీ వరసగా సైకిళ్ళు తొక్కుకుంటూ వస్తున్నాయి. అన్నిటికంటే వెనక, లుయిజ్ ఎత్తుకునేట్టే కాలరు ఎత్తుకుని, లుయిజ్ కోటు.

లోపల మనుషులు అద్దాల షెడ్లలో పనికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు. పాత బడిలో ఉంటారు. మంచు అంటే ఎలా ఉంటుందో ఎరక్క పల్చటి చొక్కాలతో దిగారని ఊరికి ఆనోటా ఈనోటా తెలుసు. తెలిసి ఊరుకుంది.

వాళ్ళు సైకిళ్ళు ఆనించి, చలికోట్లు విప్పి మొక్కల మీద పరచడం మొదలుపెట్టారు. లుయిజ్ కోటు వేసుకున్నతని పేరు రోమెల్. వచ్చీరాని భాషలో ట్రేజాతో చెప్పాడు.

"టమాటాలు వద్దన్నాయని ఈయన మాకిచ్చారమ్మా. ఇవాళ వాటికే చలి కదా."

చెప్తూనే వణుకుతున్నాడు. ట్రేజా అతని చేతిలోంచి కోటు లాక్కుంది. ఇంటికి పట్టుకుపోతుందనే అందరూ అనుకున్నారు. ఆవిడ దాన్ని మళ్ళీ అతని భుజాల మీద వేసి, కాలరు ఎత్తి సర్దింది.

"ఇది టమాటాల కొలత కాదు బాబూ."

లోపలికెళ్ళి తన బాతు ఈకల రజాయి తెచ్చి మొక్కల మీద పరిచింది. ఆ తర్వాత ఎవర్నీ పిలవాల్సిన పని పడలేదు. ఊళ్ళో రజాయిలన్నీ దడి దాటాయి. తోట పెద్ద పడగ్గదిలా తయారైంది. ఫాదర్ కూడా పొడుగు అంగీ చంకలో పెట్టుకొచ్చి, ఎవర్నీ అడక్కుండా నేరుగా గుమ్మడి మొక్క దగ్గరికి వెళ్ళాడు. ఆ రాత్రి టమాటాలు ఈకల్లో పడుకున్నాయి, మనుషులు స్వెటర్లు తొడుక్కుని ముడుచుకున్నారు. పొద్దున రజాయిల మీద మంచు అట్టలు కట్టింది. కింద ఒక్క ఆకు వాడలేదు. కౌలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నవంబర్ రాగానే వెండెల్ మళ్ళీ ట్రేజా తలుపు కొట్టాడు. ఈసారి చిన్న కోటు కావాలన్నాడు, ఎర్రదైతే మేలన్నాడు.

"అంత చిన్నది దేనికి?"

"వచ్చే ఏడు గోలీకాయంత టమాటాలు వేస్తున్నా."

"రోమెల్ కూతురు వస్తోందంట కదా, ఊరంతా అనుకుంటున్నారు."

"ఏ రోమెల్?"

"మా ఆయన కోటు ఇచ్చావు చూడు, ఆ రోమెల్. సెర్వాసి రోజు టమాటాలు కాపాడలా?"

వెండెల్ ఎర్రకోటు జేబుల్లో వేళ్ళు పెట్టి చిల్లులు వెతుకుతూ, తలెత్తకుండా అన్నాడు.

"నీకు కథలల్లడం బాగా అలవాటైంది ట్రేజా. ఈ ఏడు నేను టమాటాలే వెయ్యలేదు."