అంబ్రోస్ అన్న జాడ

మా లోయలో ధైర్యానికి కొదవ లేదు. అందుకే చర్చి వెనక శ్మశానంలో చోటు చాలడం లేదు. భయమంతా మా అంబ్రోస్ అన్న ఒక్కడి దగ్గరే పోగుపడిందని ఊరందరి లెక్క.

జనానికి కాళ్ళకు స్కీ పలకలు కట్టించి మంచుకొండ ఎక్కించడం ఆయన వృత్తి, సగం దారిలోంచి దింపుకురావడం ఆయన అలవాటు. వాలు మొదట్లో ఆగి, పారతో నడుం లోతు మంచు తవ్వుతాడు. ఒక దిమ్మ కోసి, దాని మీద పార పెట్టి చేత్తో తడతాడు. దిమ్మ కింది పొర మీంచి జారిందా, మనిషి బరువుకి వాలంతా అలాగే జారుతుందని లెక్క; "పదండి ఇంటికి" అంటాడు. ఆయన కాదన్న వాలు చాలాసార్లు చెక్కు చెదరలేదు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తాడు పాపం!

అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది మా ఆయన కోర్బీనియన్. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. కొండ మీద మేం నడిపే విడిదికి అన్న వస్తే చాలు, "ఏరా, శిఖరం ఎలా ఉంది? అయ్యో, నువ్వు చూడలేదు కదూ!" అనేవాడు. అన్న నవ్వేసి సూప్ తాగేవాడు.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున అన్న ఇద్దరు మ్యూనిక్ వాళ్ళను వెంటబెట్టుకుని పైకి వెళ్ళాడు. గాలి ఈడ్చి కొడుతోంది. కాసేపటికి మా ఆయనా స్కీలు తగిలించాడు.

"ఈ గాలిలో ఎక్కడికయ్యా?"

"అదిగో చూడవే వాడి జాడ, ముసలి ఆవు నడిచినట్టు! ఆ పిరికి సన్నాసే ఎక్కాడంటే, ఆ వాలు మీద ఉయ్యాల కట్టి పిల్లల్ని పడుకోబెట్టొచ్చు."

ఆయన అలా వెళ్ళాడో లేదో, వెనక తలుపు తోసుకుని అంబ్రోస్ అన్న మ్యూనిక్ వాళ్ళతో లోపలికొచ్చాడు. దిమ్మ తట్టకముందే జారిపోయిందట. అడవి దారిన దిగివచ్చారట.

"కోర్బీ ఏడమ్మా?"

"నీ జాడ పట్టుకునే పోయాడన్నా."

అన్న వాళ్ళిద్దరినీ అక్కడే వదిలి, పార భుజాన వేసుకుని మళ్ళీ ఎక్కాడు.

అన్న తవ్విన గొయ్యిని అప్పటికే గాలి పూడ్చేసింది. జాడ అక్కడ ఆగిపోయిందని మా ఆయనకు తట్టలేదు. ఆపైది గాలికి చెరిగిందనుకుని నేరుగా వాలు మధ్యకు నడిచాడు. అన్న చూస్తుండగానే మంచు పగిలి, వాలంతా కిందికొచ్చింది.

మా ఆయన మెడదాకా కూరుకుపోయాడు. కాలు విరిగినా నోరు విరగలేదు మహానుభావుడికి. మంచు ఉమ్మి ఏమన్నాడో తెలుసా? "నీ వల్లేరా! నువ్వెక్కావనే ఎక్కాను!"

అన్న తవ్వుతూనే అన్నాడట: "ఇన్నేళ్ళూ నోటితో చెప్తే ఒక్కసారీ వినలేదు కదరా. చివరికి నా కాళ్ళ మాట విన్నావా?"

తప్పు అంబ్రోస్‌దేనని ఊరు తేల్చేసింది. "తిరిగొచ్చేవాడు అసలు ఎక్కడమెందుకు?" అన్నారు. అప్పటినుంచి అన్న వెనక్కి తిరిగినప్పుడల్లా తన జాడ కొసను తానే తొక్కి, చెరిపి మరీ వస్తాడు.

మా ఆయన ఇప్పుడు చేతికర్ర పక్కన పెట్టుకుని, "చూశారా, వీడికి తన జాడంటేనే భయం!" అంటాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వుతారు. వాళ్ళలో సగంమంది అన్న జాడ పట్టుకునే ఎక్కి, అది చెరిపిన చోట ఆగి వెనక్కొచ్చినవాళ్ళే. శిఖరం చూసొచ్చామని కోతలు కోస్తారు గానీ, అక్కడిదాకా వెళ్ళినవాడు సాయంత్రానికి గానీ దిగడు; మధ్యాహ్నం కాకముందే వాళ్ళకు సూప్ పోసేది నేనే కదా.