సింహాచలం మెట్ల మీద ట్రయల్ రన్

మా గార్డు మావయ్య పోయారు. శనివారం పొద్దున్న మా రైల్వే క్వార్టర్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో కుళాయి దగ్గర నిలబడ్డవాళ్లకి ముందు తెలిసింది, తర్వాత మాకు. నిద్రలోనే పోయారట. అదృష్టవంతుడు అన్నారు అందరూ. నాకు మాత్రం ఆ మాట నోటికి రాలేదు.

రక్తసంబంధం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ పరాయి రాష్ట్రపు ఊరికి రైల్వే ఉద్యోగానికి వచ్చి మా పక్క క్వార్టర్లో దిగిన మనిషి. అమ్మ అన్నయ్యా అని పిలిచింది, మాకు మావయ్య అయిపోయారు. గూడ్సు బండి చివరి పెట్టెలో కూర్చునే ఉద్యోగం ఆయనకి ఒంటబట్టేసింది. వీధిలో ఎవరు ప్రయాణం పెట్టుకున్నా ఆయన్ని అడగాల్సిందే. పూరీ వెళ్లేవాళ్లకి కూడా ఏ స్టేషన్లో నీళ్లు తాగకూడదో చెప్పేవారు. "బండి బాగుంటే సాలదు, లైను బాగుండాల" అనేవారు. ఆయన సరే అన్నాకే సామాను సర్దుకునేవాళ్లం. విసుగ్గా ఉండేది, ధైర్యంగానూ ఉండేది.

అప్పట్లో మన మాస్టర్లు చాలామంది ఇథియోపియా బళ్లలో పాఠాలు చెప్పడానికి వెళ్లేవారు. మా బావా వెళ్లాడు. సెలవులకి వచ్చిన అక్క అక్కడి కొండల గురించి చెప్తుంటే అమ్మకి వాటిని చూడాలన్న కోరిక పట్టుకుంది. ఏనాడూ ఏదీ అడగని మనిషి. పైగా ఉబ్బసం.

"అన్నయ్యా, ఎల్లమంటావా, మానమంటావా?" అని అడిగింది.

మావయ్య ముందు వాకబు మొదలుపెట్టారు. ఇందా పేటలో మందుల షాపు నడిపే బెంగాలీ దాదాని అక్కడి జ్వరాల గురించి అడిగారు. ప్రేమ్ బజార్‌లో కాలేజీ చదువులు చదివే కుర్రాళ్లని ఆపి పటం చూపించమన్నారు. వానాకాలం వెళ్లొద్దన్నారు. కొండదారిలో చీకటి పడ్డాక బస్సెక్కొద్దని, కాచిన నీళ్లే తాగాలని, నగలు ఇక్కడే వదిలెయ్యమని చెప్పారు. ఇక మిగిలింది అమ్మ ఆయాసం. కొత్త లైను మీద జనాన్ని పంపేముందు ఖాళీ బండి నడిపి చూస్తారు. అమ్మనీ అలాగే చూస్తానన్నారు.

అమ్మని రైల్లో సింహాచలం తీసుకెళ్లారు. మొక్కుకి కాదు, పరీక్షకి. అమ్మ మెట్లెక్కుతుంటే వెనకే ఆమె ఊపిరి వింటూ వచ్చారు. పంతానికి అమ్మ ఎక్కడా కూర్చోలేదు. పైకెక్కాక, "ఎల్లిరా సెల్లీ. నీకేటీ అవదు" అన్నారు. అమ్మ దేవుడికన్నా ముందు ఆయనకి దణ్ణం పెట్టింది.

ఆ దేశంలో దారులు బాగానే ఉన్నాయి. దొంగలు రాలేదు, జ్వరం రాలేదు, నీళ్లు పడ్డాయి. గాలే పడలేదు. అంత ఎత్తున గాలి పలచబడుతుందని, మన కొండెక్కడానికీ దానికీ పొంతన లేదని మాలో ఎవరికీ తట్టలేదు. బావ అమ్మని మోసుకుని కిందికి దింపాడట. తిరిగొచ్చాక అమ్మ రెండు మాటలకోసారి ఆగాల్సి వచ్చేది. ఇక ఇంతే అన్నారు డాక్టరు.

ఆ తర్వాత ఎవరు ప్రయాణం సంగతి ఎత్తినా, "నాకేటి తెల్సు బావూ, నన్నడక్కండి" అనేవారు మావయ్య. సాయంత్రాలు మాత్రం వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చునేవారు. అమ్మ ఏదో చెప్పబోయేది. ఆయాసం అందుకునేది.

"వద్దు సెల్లీ, మాటాడకు" అంటూ ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయేవారు. ఆ ఊపిరి చప్పుడు ఆయన వినలేకపోయేవారు. మమ్మల్ని అంత జాగ్రత్తగా చూసుకున్న మనిషి మరొకరు లేరు. ఆయన్ని ఉండమనలేక, అమ్మని ఊరుకోమనలేక, నేను గుమ్మంలో నిలబడిపోయేదాన్ని.

శనివారం అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పక్కింటికి మోసుకెళ్లాం. లోపల ఏడుపులు ఆగాయి. అమ్మ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"అన్నయ్యా..." అని ఆగింది. ఊపిరి తీసుకుంది. "నువ్వు ఎల్లమన్నావు కాబట్టే..." మళ్లీ ఆగింది. "సూసినాను... ఎంత బాగుందో..."

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. పాడె కడుతున్నవాళ్లు వేళ మించిపోతోందని బయటనుంచి కేకేశారు. అమ్మ వాళ్లకేసి చూడలేదు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఊపిరి కూడదీసుకుని, తర్వాతి మాట మొదలుపెట్టింది.