రైలు దిగని మా టీమ్ లీడ్

చెన్నైలో ఆఫీసుకు సూళ్లూరుపేట నుంచి మా టీమ్ లీడూ నేనూ రోజూ ఒకే రైల్లో వెళ్లేవాళ్లం. ఎవరు ఏ పని చెప్పినా ఆమె "అలాగే" అనేది. రైల్లోనూ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసేది. ఒక సాయంత్రం తిరుగు రైలు సూళ్లూరుపేటలో ఆగి, బోగీ అంతా ఖాళీ అయినా ఆమె లేవలేదు.

"అక్కా, మనూరొచ్చేసింది," అన్నాను.

"తెలస్తానే ఉంది. లేవాలనిపించడంలా."

భయమేసి పక్కన కూర్చున్నాను. అంతలో మేనేజరు ఫోన్ చేశాడు. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, "రేపట్నుంచి నేను రానని చెప్పు," అంది.

చెప్పాను. ఎందుకని ఆయన అడిగాడు. ఆమె వైపు చూశాను.

"ఏం చెప్పేది? ఏడుపు కూడా రావడంలా."

అదే మాట ఆయనకు చెప్పాను.

"ఈ ప్రాజెక్టు అయ్యేదాకా ఆగమను," అన్నాడాయన.

ఆ మాట చెప్పగానే ఆమె ల్యాప్‌టాప్ సీటు మీదే వదిలేసి దిగింది. అది పట్టుకుని నేను వెనకే నడిచాను. ఆమె తిరిగి చూడలేదు.